అప్పు తీరినా తుర్క్‌మెనిస్తాన్ గ్యాస్ చైనాకే ఎందుకు పోతోంది?

సందేహాల_సీతయ్య
మధ్య ఆసియా గురించి ఏ వ్యాసం చదివినా, చైనా అప్పుల వల విసిరి ఆ ఐదు దేశాలనూ పట్టేసిందనే వాదనే కనిపిస్తోంది. తుర్క్‌మెనిస్తాన్ విషయంలో మాత్రం ఆ వాదన నాకు పొసగడం లేదు. గల్కినిష్ గ్యాస్ క్షేత్రాన్ని అభివృద్ధి చేసుకోవడానికి చైనా అభివృద్ధి బ్యాంకు ఆ దేశానికి 2009లో 400 కోట్ల డాలర్లు, 2011లో మరో 410 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. ఆ బాకీ మొత్తం చెల్లించేశామని 2021లో అప్పటి అధ్యక్షుడు గుర్బంగులి బెర్దిముహమెదోవ్ ప్రకటించారు. బాకీ తీరిపోయిన దేశం తన సరుకును తనకు నచ్చినవారికి అమ్ముకోవాలి కదా? ఇప్పటికీ ఎగుమతి చేసే గ్యాస్‌లో చాలా భాగం చైనాకే ఎందుకు పోతోంది? అక్కడ నిజంగా పట్టు సంపాదించి పెట్టింది అప్పు కాకపోతే మరేమిటి?

పటాలపిచ్చి
పటం ముందు పెట్టుకుంటే సగం జవాబు దొరుకుతుంది. తుర్క్‌మెనిస్తాన్‌కు మహాసముద్రం లేదు. పడమట ఉన్న కాస్పియన్ నాలుగు వైపులా మూసుకుపోయిన నీరు. ఉత్తరాన ఉన్న రష్యా దగ్గర దాని సొంత గ్యాసే బోలెడు ఉంది. దక్షిణాన ఇరాన్ ఉంది, దానిపై అమెరికా ఆంక్షలున్నాయి. ఆగ్నేయంలో అఫ్గానిస్తాన్ ఉంది. ఇక మిగిలింది తూర్పు దిక్కే. ఆ దిక్కున చైనాతో సరిహద్దు లేకపోయినా ఉజ్బెకిస్తాన్, కజఖ్‌స్తాన్ మీదుగా చైనా పడమటి రాష్ట్రం షింజియాంగ్‌లోని ఖోర్గోస్ దాకా దాదాపు 1,830 కిలోమీటర్ల గొట్టం వేశారు. 2009 డిసెంబర్ 14న తుర్క్‌మెనిస్తాన్‌లోని సమన్‌దెపె దగ్గర అప్పటి చైనా అధ్యక్షుడు హు జింటావోతో పాటు తుర్క్‌మెన్, ఉజ్బెక్, కజఖ్ అధ్యక్షులు ముగ్గురూ నిలబడి దాన్ని ప్రారంభించారు. 2010లో దాని పక్కనే రెండో గొట్టం, 2014లో మూడోది వచ్చాయి. మూడూ కలిపి ఏడాదికి 5,500 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ మోయగలవు.

కంప్రెసర్_కుర్రాడు
నేను గ్యాస్ పైపులైన్ల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి సాంకేతికమైన సంగతి చెబుతాను. చమురుకూ గ్యాస్‌కూ వ్యాపారంలో పెద్ద తేడా ఉంది. చమురును పీపాల్లో, రైలు ట్యాంకర్లలో, ఓడల్లో ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. గ్యాస్‌ను ఓడ ఎక్కించాలంటే మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి ద్రవంగా మార్చాలి, అందుకు సముద్ర తీరంలో రేవు ఉండాలి. తీరం లేని దేశానికి గొట్టం ఒక్కటే గతి. గొట్టంలో గ్యాస్ తనంతట తాను పోదు. దారి పొడవునా కంప్రెసర్ స్టేషన్లు పెట్టి ఒత్తిడి పెంచుతూ ముందుకు నెట్టాలి, వాటిని ఏ దిశకు అమర్చితే గ్యాస్ ఆ దిశకే పోతుంది. ఇంత పెట్టుబడి పెట్టినవారు ఇన్నేళ్ల పాటు ఇంత కొంటామని ముందే రాసుకుంటారు, అమ్మేవారు కూడా ఇన్నేళ్ల పాటు ఇంత ఇస్తామని సంతకం పెడతారు. అప్పు తీర్చేసినంత మాత్రాన గొట్టం దిశ మారదు.

బెల్లం_దిమ్మ
మా వైపు చెరకు రైతుకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఒక ఊరి చెరకు ఫలానా ఫ్యాక్టరీకే వెళ్లాలని హద్దు గీస్తారు, కొట్టిన చెరకు రెండు రోజులు ఎండలో ఉంటే తీపి తగ్గిపోతుంది, దూరంగా మరో ఫ్యాక్టరీ మంచి ధర ఇస్తున్నా అక్కడికి తోలేలోపు లాభం ఆవిరైపోతుంది. రైతు ఆ ఫ్యాక్టరీకి ఒక్క రూపాయి బాకీ లేకపోయినా ధర చెప్పేది ఫ్యాక్టరీయే.

వరంగల్_వాదన
పోలిక బాగుంది గాని, అనకాపల్లి రైతు ఫ్యాక్టరీ మీద అలిగితే బెల్లం వండుకుంటాడు. తుర్క్‌మెనిస్తాన్ గ్యాస్‌తో బెల్లం వండుకోగలదా?

కంప్రెసర్_కుర్రాడు
వండుకోవడానికి ప్రయత్నించింది కూడా. రాజధాని అష్గబాత్ దగ్గర ఓవదాన్‌దెపెలో గ్యాస్ నుంచి పెట్రోలు తీసే ప్లాంటును 2019లో ప్రారంభించారు. జపాన్‌కు చెందిన కవాసాకి, టర్కీకి చెందిన రొనెసాన్స్ కలిసి కట్టిన ఆ ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 6 లక్షల టన్నుల పెట్రోలు. అంతకు ముందు ఏడాది కాస్పియన్ ఒడ్డున కియాన్లిలో పాలిమర్ ప్లాంటు కూడా వచ్చింది. అయితే రెండూ కలిసి వాడుకునే గ్యాస్, చైనాకు పోయే గ్యాస్ ముందు చాలా చిన్నది. బెల్లం పొయ్యి ఉంది గాని, తోటంతా అందులో పట్టదు.

పాత_విలేకరి
అందరూ చైనా గురించే మాట్లాడుతున్నారు గాని, ఈ కథలో మొదటి ఏకైక కొనుగోలుదారు రష్యా అన్న సంగతి వదిలేస్తే చరిత్ర తలకిందులవుతుంది. సోవియట్ కాలంలో వేసిన మధ్య ఆసియా–సెంటర్ గొట్టాలన్నీ ఉత్తరానికే పోతాయి. దేశం స్వతంత్రమైన తరువాత కూడా రష్యా ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ తుర్క్‌మెన్ గ్యాస్‌ను చవకగా కొని, తన సొంత గ్యాస్‌ను యూరప్‌కు మంచి ధరకు అమ్ముకుంది. 2008లో చైనా గొట్టం పని సాగుతుండగా, మధ్య ఆసియా గ్యాస్‌కు యూరప్ స్థాయి ధర ఇస్తామని గాజ్‌ప్రోమ్ ఒప్పుకోక తప్పలేదు. ఆ వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చి యూరప్‌లో గిరాకీ పడిపోయింది. 2009 ఏప్రిల్‌లో గాజ్‌ప్రోమ్ కొనుగోలును ఉన్నట్టుండి తగ్గించింది, లోపల ఒత్తిడి పెరిగి గొట్టం పేలిపోయింది. ముందుగా చెప్పకుండా తగ్గించినందువల్లే పేలిందని అష్గబాత్ రష్యాను నిందించింది. నెలల తరబడి అమ్మకాలు ఆగిపోయాయి. 2016 వచ్చేసరికి రష్యా కొనడం పూర్తిగా మానేసింది, 2019లో మళ్లీ మొదలుపెట్టినా పాత పరిమాణం రాలేదు. ఆ పేలుడు జరిగిన ఏడాది చివరనే చైనా గొట్టం తెరుచుకుంది. ఆ రోజుకు అది తుర్క్‌మెనిస్తాన్‌కు స్వేచ్ఛే. చైనా వచ్చినందువల్లే ఇరుక్కున్నారనడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

సందేహాల_సీతయ్య
పాత_విలేకరి గారూ, ఒక యజమాని చేతిలోంచి మరో యజమాని చేతిలోకి పోవడాన్ని స్వేచ్ఛ అనవచ్చునా? ఇరాన్‌కు కూడా అమ్మేవారు కదా, ఆ దారి ఏమైంది?

పటాలపిచ్చి
ఇరాన్‌కు 1997లోనే కొర్పెజె–కుర్ట్‌కుయి గొట్టం ఉంది, 2010లో దౌలతాబాద్ నుంచి మరొకటి వేశారు. అయితే ఇరాన్ దాదాపు 180 కోట్ల డాలర్లు బాకీ పడిందంటూ 2017 జనవరి 1న తుర్క్‌మెనిస్తాన్ సరఫరా ఆపేసింది. అది నిండు చలికాలం. ఇటీవల ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. 2025 మార్చి నుంచి తుర్క్‌మెన్ గ్యాస్‌ను ఇరాన్ తన ఉత్తర ప్రాంతాల్లో వాడుకుని, ఆ మేరకు తన గ్యాస్‌ను టర్కీకి పంపే మార్పిడి ఏర్పాటు మొదలైంది. పరిమాణం మాత్రం కొద్దిపాటిదే. కాస్పియన్ అడుగున అజర్‌బైజాన్ దాకా గొట్టం వేయాలనే మాట 1990ల నుంచీ వింటున్నాం. దూరం 300 కిలోమీటర్లు మాత్రమే. 2018 ఆగస్టులో అక్తావ్‌లో ఐదు తీర దేశాలూ కాస్పియన్ ఒప్పందంపై సంతకాలు చేసినా, పర్యావరణం పేరుతో రష్యా, ఇరాన్ అభ్యంతరం చెప్పడానికి అందులో చోటు మిగిలే ఉంది.

గోదారి_రిగ్గు
టాపీ గొట్టాన్ని ఎవరూ ఎత్తలేదేమిటి? తుర్క్‌మెనిస్తాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా మన పంజాబ్‌లోని ఫాజిల్కా దాకా 1,814 కిలోమీటర్లు, ఏడాదికి 3,300 కోట్ల ఘనపు మీటర్లు. 2015 డిసెంబర్‌లో మరీ నగరం దగ్గర శంకుస్థాపన జరిగితే మన ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ కూడా వెళ్లారు. తుర్క్‌మెనిస్తాన్ తన వైపు గొట్టం వేసుకుంది, 2024లో హెరాత్ వైపు పని మొదలుపెట్టామని తాలిబాన్ ప్రభుత్వంతో కలిసి ప్రకటించింది. హెరాత్ నుంచి ఫాజిల్కా మధ్య ఎంత రాజకీయం ఉందో చెప్పనక్కర్లేదు. నేను రాజమండ్రిలో ఓఎన్‌జీసీలో పనిచేసి విరమించాను. మా తరంలో చాలామంది ఆ గ్యాస్ వస్తుందనే నమ్మారు.

వరంగల్_వాదన
ఆ గొట్టానికి వేసిన శంకుస్థాపన రాళ్లన్నీ పేర్చుకుంటూ పోయినా ఫాజిల్కా చేరిపోయి ఉండేవాళ్లం.

టెంగిజ్_చలి
నేను కజఖ్‌స్తాన్ పడమటి వైపు చమురు క్షేత్రాల్లో కాంట్రాక్టు పని చేశాను. తుర్క్‌మెనిస్తాన్‌ను చూసి మొత్తం మధ్య ఆసియాను అంచనా వేయవద్దని నా మనవి. కజఖ్ చమురులో చైనా వాటా ఉంది గాని, పెత్తనం దానిది కాదు. టెంగిజ్ చమురు క్షేత్రంలో అమెరికా కంపెనీలైన షెవ్రాన్‌కు 50 శాతం, ఎక్సాన్‌మొబిల్‌కు 25 శాతం, కజఖ్ ప్రభుత్వ సంస్థ కజ్‌మునయ్‌గ్యాస్‌కు 20 శాతం, రష్యా కంపెనీ లుకాయిల్‌కు 5 శాతం వాటాలున్నాయి. అక్కడ చైనా పేరే లేదు. ఎగుమతి చమురులో 80 శాతం దాకా కాస్పియన్ పైపులైన్ కన్సార్టియం గొట్టం ద్వారా రష్యా రేవు నొవొరొసీస్క్‌కు పోయి, అక్కడి నుంచి ఓడల్లో యూరప్ చేరుతుంది. చైనాకు పోయే అతాసు–అలాషాన్‌కౌ గొట్టం 2006 నుంచి నడుస్తోంది, ఏడాదికి 2 కోట్ల టన్నులు మోయగలిగినా అది రెండో దారే. చమురు విషయంలో కజఖ్‌ల మెడ మీద చెయ్యి ఎవరిదని అడిగితే నేను రష్యాదే అంటాను. 2022లో తుఫాను నష్టం పేరుతో ఒకసారి, కోర్టు ఉత్తర్వు పేరుతో మరోసారి నొవొరొసీస్క్ దారికి ఇబ్బంది వచ్చినప్పుడు కజఖ్ రాజధాని అస్తానాలో కలిగిన కంగారు అందరికీ తెలిసిందే.

సందేహాల_సీతయ్య
అంటే కజఖ్‌స్తాన్‌లో రష్యా గొట్టం, అమెరికా కంపెనీ. మరి చైనా కంపెనీలు అక్కడ ఊరకే కూర్చున్నాయా?

గోదారి_రిగ్గు
ఊరకే కూర్చోలేదు. ఆ సంగతి మన దేశానికే బాగా తెలియాలి. చైనా జాతీయ పెట్రోలియం సంస్థ సీఎన్‌పీసీ 1997లోనే అక్తోబెలోని చమురు కంపెనీలో 60 శాతం కొనేసింది. అప్పటికి పాశ్చాత్య కంపెనీలు కాస్పియన్ పెద్ద క్షేత్రాల మీదే చూపు పెట్టుకుని, పాత సోవియట్ బావులను చిన్నచూపు చూశాయి. 2005లో పెట్రోకజఖ్‌స్తాన్ అమ్మకానికి వస్తే మన ఓఎన్‌జీసీ, మిత్తల్ కలిసి బేరానికి దిగారు. సీఎన్‌పీసీ 418 కోట్ల డాలర్లు పెట్టి ఎగరేసుకుపోయింది. అదైనా పోటీలో ఓడిపోవడం. 2012 నవంబర్‌లో కాస్పియన్‌లోని కజఖ్ చమురు క్షేత్రం కషగాన్‌లో అమెరికా కంపెనీ కొనకోఫిలిప్స్ వాటా 8.4 శాతాన్ని సుమారు 500 కోట్ల డాలర్లకు కొనడానికి ఓఎన్‌జీసీ విదేశ్ ఒప్పందం కుదుర్చుకుంది. 2013 జులైలో కజఖ్ ప్రభుత్వం, ఆ వాటాను ముందుగా కొనే హక్కు తనకుందంటూ తానే తీసుకుంది. సెప్టెంబర్‌లో 8.33 శాతాన్ని సీఎన్‌పీసీకి అమ్మేసింది. కాగితం మీద మనదైన వాటా చూస్తుండగానే చేతులు మారింది. ఆ నెలలోనే షీ జిన్‌పింగ్ అస్తానాలోని నజర్‌బాయెవ్ విశ్వవిద్యాలయంలో పట్టుదారి (సిల్క్ రోడ్) ఆర్థిక మండలం ప్రసంగం చేశారు. అదే పర్యటనలో తుర్క్‌మెనిస్తాన్ వెళ్లి గల్కినిష్ ప్రారంభోత్సవంలో కూడా పాల్గొన్నారు.

వరంగల్_వాదన
ఇదంతా విన్నాక కూడా పెత్తనం చైనాది కాదని ఎలా అంటారు? మనకు సంతకమైన వాటాను అది తన్నుకుపోయింది.

టెంగిజ్_చలి
తన్నుకుపోలేదు, కజఖ్ ప్రభుత్వం తానే చేతిలో పెట్టింది. ఈ తేడాను తేలిగ్గా తీసుకోవద్దు. కాస్పియన్‌లో అమెరికా, యూరప్ కంపెనీల బలం పెరిగిపోయిందని భావించినప్పుడు అస్తానా ఒక చైనా కంపెనీని లోపలికి పిలిచింది. పెట్రోకజఖ్‌స్తాన్‌లో కూడా సీఎన్‌పీసీ కొన్న తరువాత 33 శాతాన్ని కజ్‌మునయ్‌గ్యాస్ తిరిగి రాబట్టుకుంది. రష్యా, చైనా, అమెరికా, యూరప్ నాలుగింటినీ ఒకదానికొకటి తూకంగా వాడుకోవడం తొలి అధ్యక్షుడు నజర్‌బాయెవ్ కాలం నుంచీ వారి విధానం. ఆ తూకంలో భారతదేశం పెద్ద రాయి కాలేకపోయింది. బాధ కలిగినా అదే నిజం.

గోదారి_రిగ్గు
టెంగిజ్_చలి గారి మాటతో సగం ఏకీభవిస్తాను. తూకం సరే గాని, చైనాకు ఒక సౌకర్యం ఉంది. చమురు కొన్నాక దాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి సరిహద్దు పక్కనే ఉంది. మనం కషగాన్‌లో వాటా కొన్నా ఆ చమురు భౌతికంగా విశాఖకో జామ్‌నగర్‌కో రావాలంటే రష్యా రేవును దాటి, నల్ల సముద్రం చుట్టి రావాలి. తరువాత ఓఎన్‌జీసీ విదేశ్ కజఖ్‌స్తాన్‌లోనే సత్పాయెవ్ బ్లాకులో 25 శాతం తీసుకుని వెతికింది, వాణిజ్యపరంగా పనికివచ్చే చమురు దొరకక వదులుకుంది.

బిష్కెక్_మెడికో
నేను కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాను, ఇక్కడ మన తెలుగు విద్యార్థులు చాలామందే ఉన్నారు. గ్యాస్, చమురు చర్చలో కిర్గిజ్‌స్తాన్ పేరు రాకపోవడం సహజమే, ఇక్కడ అవి దాదాపు లేవు. సీతయ్య గారు అడిగిన అప్పు మాట మాత్రం ఇక్కడే నిజంగా వర్తిస్తుంది. దేశపు విదేశీ అప్పులో సుమారు 40 శాతం దాకా చైనా ఎగ్జిమ్ బ్యాంకుదే అని ఏళ్ల తరబడి లెక్కలు చెబుతూ వచ్చాయి. ఆ అప్పులో 38.6 కోట్ల డాలర్లతో బిష్కెక్‌కు వేడినీరు, విద్యుత్ అందించే కేంద్రాన్ని చైనా కంపెనీ టీబీఈఏ ఆధునీకరించింది. 2018 జనవరిలో గడ్డకట్టే చలిలో అదే కేంద్రం ఆగిపోయింది, నగరంలో ఇళ్లు చల్లబడిపోయాయి. తరువాత ఆ ఒప్పందంలో అవినీతి జరిగిందని మాజీ ప్రధానులపై కేసులు నడిచి శిక్షలు పడ్డాయి. మా అద్దె ఇంటి యజమానురాలు ఇప్పటికీ రేడియేటర్ ముట్టుకుని చూసి గాని రాత్రి పడుకోరు. ఆమె కోపం చైనా మీద కన్నా సొంత మంత్రుల మీదే ఎక్కువ.

పాత_విలేకరి
మెడికో గారి చివరి వాక్యాన్ని ఢిల్లీ, వాషింగ్టన్‌లలో వ్యాసాలు రాసేవారు చదవాలి. టీబీఈఏను ఎంపిక చేసింది ఎవరు, పోటీ టెండర్ ఎందుకు పిలవలేదు అన్న ప్రశ్నలకు జవాబు బీజింగ్‌లో ఎంత ఉందో బిష్కెక్‌లో అంతకన్నా ఎక్కువ ఉంది.

వరంగల్_వాదన
చైనా బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడే పని చైనా కంపెనీకే ఇవ్వాలని షరతు పెడుతుంది. అలాంటి అప్పు తీసుకున్నాక టెండర్ ఎక్కడి నుంచి వస్తుంది? మంత్రులను తిట్టి చైనాను వదిలేయడం సరికాదు. తజికిస్తాన్ 2011లో పామీర్ ప్రాంతంలో సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్ల భూమిని చైనాకు అప్పగించింది, దాన్ని కూడా తజిక్ మంత్రుల తప్పుగానే రాసేద్దామా?

పటాలపిచ్చి
ఆ భూమి సంగతి అప్పుకు బదులుగా జరిగింది కాదు. చైనా అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ కావాలని పాత కాలం నుంచీ పేచీ పెడుతూ ఉంది, చివరికి ఆ వివాదం కొద్ది భాగంతో తెగింది. ఒప్పందం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అప్పు పద్దులో మాత్రం వేయకండి.

టెంగిజ్_చలి
భూమి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. కజఖ్‌లు చమురు వాటాలు అమ్మితే ఊరుకుంటారు గాని, నేల జోలికి వస్తే ఊరుకోరు. 2016లో వ్యవసాయ భూమిని విదేశీయులకు 25 ఏళ్ల పాటు కౌలుకివ్వడానికి చట్టం సవరిస్తే ఊరూరా నిరసనలు లేచాయి, అందరి మనసులో ఉన్న విదేశీయుడు చైనావాడే. ప్రభుత్వం వెనక్కి తగ్గి సవరణను నిలిపివేసింది, 2021లో విదేశీయులకు కౌలును కూడా నిషేధిస్తూ చట్టం చేసింది. 2019లో చైనా ఫ్యాక్టరీలకు వ్యతిరేకంగా జనం వీధుల్లోకి వచ్చింది కూడా చమురు పట్టణమైన జనఓజెన్‌లోనే. షింజియాంగ్‌లో ఉన్న కజఖ్ బంధువుల గురించి వచ్చే వార్తలు ఆ కోపాన్ని ఆరనివ్వలేదు. నాతో పనిచేసిన కజఖ్ ఫోర్‌మన్ ఒకరు తన పిల్లలకు చైనా భాష నేర్పిస్తూనే చైనా కంపెనీకి పొలం ఇస్తే ఊరుకోనని అనేవారు. రెండూ ఆయనకు విరుద్ధంగా తోచలేదు.

సందేహాల_సీతయ్య
వ్యూహపరమైన పట్టు గురించి కూడా ఎవరైనా చెప్పండి. చైనా అక్కడ సైన్యాన్ని దించుతుందా?

పాత_విలేకరి
2022 జనవరిలో జనఓజెన్‌లోనే వాహనాల గ్యాస్ ధర పెంపుతో మొదలైన ఆందోళన అల్మాటీ దాకా పాకి రక్తపాతంగా మారినప్పుడు, అధ్యక్షుడు తొకాయెవ్ పిలిచింది రష్యా నాయకత్వంలోని సామూహిక భద్రతా ఒప్పంద సంస్థ దళాలను. అవి వచ్చి కొద్ది రోజుల్లోనే వెళ్లిపోయాయి. ఆ సమయంలో చైనా మాటసాయం చేసింది గాని సైన్యం పంపలేదు. మర తిప్పేది చైనా, తుపాకి పట్టేది రష్యా అని అక్కడి పరిశీలకులు చాలాకాలంగా పని పంపకం గురించి చెప్పుకునేవారు. అయితే రెండు నెలలు తిరక్కుండానే ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది, ఆ పంపకం మీద నమ్మకం సడలింది. 2023 మేలో షీ ఐదుగురు అధ్యక్షులనూ షియాన్‌కు పిలిచి, రష్యా లేకుండా శిఖరాగ్ర సమావేశం జరిపారు. 2025 జూన్‌లో అస్తానాలో రెండోది జరిగింది.

మౌలాలి_మామ
గ్యాస్, చమురు అయిపోతే నా వంతు యురేనియం. ప్రపంచంలో తవ్వే యురేనియంలో సుమారు 40 శాతం కజఖ్‌స్తాన్‌దే. మన హైదరాబాద్‌కు దానితో నేరుగా సంబంధం ఉంది. మౌలాలిలోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో, అంతర్జాతీయ పర్యవేక్షణలో ఉన్న మన రియాక్టర్లకు దిగుమతి యురేనియంతో ఇంధనం తయారవుతుంది. 2015లో ప్రధాని మోదీ వెళ్లినప్పుడు 5,000 టన్నుల సరఫరాకు కజఖ్ ప్రభుత్వ యురేనియం సంస్థ కజతోమ్‌ప్రోమ్‌తో ఒప్పందం జరిగింది. చైనా మనలాగా సరుకు కొనడంతో ఆగలేదు. సీజీఎన్ సంస్థ గనుల్లో వాటాలు తీసుకుంది, ఉల్బాలో కజఖ్‌లతో కలిసి ఇంధన కట్టల ఫ్యాక్టరీ పెట్టి 2021లో ప్రారంభించింది. కజఖ్‌లకు కూడా ముడి సరుకు బదులు తయారైన వస్తువు అమ్ముకునే అవకాశం అందులో ఉంది. ఇది చైనా పన్నిన వల అంటే నేను ఒప్పుకోను, మంచి బేరం అంటాను.

బెల్లం_దిమ్మ
చూశారా, అక్కడ కూడా బెల్లమే వండుకుంటున్నారు.

వరంగల్_వాదన
వండిన బెల్లాన్ని మళ్లీ ఆ ఒక్కరే కొంటే పేచీ మొదటికే వచ్చింది.

మౌలాలి_మామ
రాలేదండీ. యురేనియం గ్యాస్ కాదు. పీపాల్లో పెట్టి రైలెక్కిస్తే ఎటైనా పోతుంది. పాత దారి రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ రేవు మీదుగా ఉంటే, కజతోమ్‌ప్రోమ్ కాస్పియన్ దాటి జార్జియా మీదుగా మరో దారిని కూడా వాడుతోంది. అందుకే అదే దేశం యురేనియం బేరంలో నిటారుగా కూర్చుంటుంది. 2024 అక్టోబర్‌లో అణు విద్యుత్ కేంద్రంపై ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, మరుసటి ఏడాది మొదటి కేంద్రాన్ని రష్యా రొసాతోమ్‌కు, రెండో దాన్ని చైనా సీఎన్‌ఎన్‌సీకి కేటాయించింది.

కంప్రెసర్_కుర్రాడు
ఉజ్బెకిస్తాన్ గురించి ఒక మాట చెప్పకపోతే ఈ చర్చకు లోటే. ఆ దేశం కూడా చైనాకు గ్యాస్ అమ్ముతుంది. 2023 జనవరి చలిలో తాష్కెంట్‌లోనే గ్యాస్, కరెంటు కరువై జనం నానా అవస్థలు పడ్డారు. అదే ఏడాది అక్టోబర్ నుంచి రష్యా గ్యాస్‌ను కజఖ్‌స్తాన్ మీదుగా దిగుమతి చేసుకోవడం మొదలుపెట్టారు. ఏ గొట్టంలోనో తెలుసా? పాత_విలేకరి గారు చెప్పిన, సోవియట్ కాలంలో ఉత్తరానికి పోయిన మధ్య ఆసియా–సెంటర్ గొట్టాన్నే వెనక్కి తిప్పారు.

సందేహాల_సీతయ్య
గొట్టం దిశ మారదని పైన మీరే రాశారు కదండీ.

కంప్రెసర్_కుర్రాడు
అప్పు తీర్చేసినంత మాత్రాన మారదని రాశాను. కంప్రెసర్ స్టేషన్లలో పైపుల అమరిక మార్చి, మీటర్లు కొత్తగా పెట్టి, అవతలి వైపు గ్యాస్ పంపేవారు ఉంటే మారుతుంది. రష్యాకు యూరప్ మార్కెట్ పోయింది, చేతినిండా గ్యాస్ మిగిలిపోయింది, అందుకే వెనక్కి తిప్పడానికి సిద్ధపడింది. షింజియాంగ్ నుంచి తుర్క్‌మెనిస్తాన్‌కు గ్యాస్ పంపేవారెవరూ లేరు, పంపినా అష్గబాత్‌కు అక్కర లేదు. కాబట్టి ఆ మూడు గొట్టాలూ తూర్పుకే పోతాయి.

వరంగల్_వాదన
అయితే చైనా ఆడించినట్టు ఆడాల్సిందేనన్న మాట. 2020 మార్చిలో కోవిడ్ పేరు చెప్పి చైనా కంపెనీ పెట్రోచైనా గ్యాస్ దిగుమతులు తగ్గించినప్పుడు, కజఖ్‌స్తాన్ కూడా ఎగుమతులు 20–25 శాతం తగ్గించుకోక తప్పలేదు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

పాత_విలేకరి
రెండో వైపు రుజువు కూడా ఉంది. 2017–18 చలికాలంలో చైనా బొగ్గు పొయ్యిలు మాన్పించి ఇళ్లకు గ్యాస్ ఇవ్వడం మొదలుపెట్టిన వేళ, తుర్క్‌మెన్ సరఫరా తగ్గిపోయి ఉత్తర చైనాలో కొరత వచ్చింది. కొనేవారికి కూడా ఈ గొట్టం లేకపోతే ఇబ్బందే. ఆ తరువాత బీజింగ్ ద్రవ గ్యాస్ రేవులు పెంచింది, 2019 డిసెంబర్‌లో రష్యా నుంచి ఏడాదికి 3,800 కోట్ల ఘనపు మీటర్ల పవర్ ఆఫ్ సైబీరియా గొట్టం తెరిచింది. కాబట్టి సీతయ్య గారి ప్రశ్నకు నా జవాబు ఇది: చైనాకు పట్టు ఇచ్చింది అప్పు కాదు, గొట్టం ఒక్కటే కూడా కాదు. అమ్మేవారికి ఒకే ఒక దారి మిగిలి ఉండగా, కొనేవారు మరో నాలుగు దారులు సమకూర్చుకోవడమే పట్టు.

గోదారి_రిగ్గు
దీనికి ఒకటి కలుపుతాను. తుర్క్‌మెనిస్తాన్‌లో నేల మీది క్షేత్రంలో ఉత్పత్తిని పంచుకునే ఒప్పందం పొందిన విదేశీ సంస్థ సీఎన్‌పీసీ. 2007లో అము దర్యా ఒడ్డున బగ్తియార్లిక్ దగ్గర అది దక్కింది. మిగతా కంపెనీలను చాలావరకు కాస్పియన్ నీళ్లలోకే రానిచ్చారు. అంటే భూమి కింద ఎంత గ్యాస్ ఉందో, బావికి ఎంత ఖర్చవుతుందో కొనేవారికే తెలుసు. బేరంలో అవతలివారి ఖర్చు తెలిసి కూర్చోవడం చిన్న సంగతి కాదు.

సందేహాల_సీతయ్య
నాలుగో గొట్టం, డి లైను మాట ఏమైంది? అది వస్తే తుర్క్‌మెనిస్తాన్ బలం పెరుగుతుందా, తగ్గుతుందా?

పటాలపిచ్చి
ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ కొండల మీదుగా ఏడాదికి 3,000 కోట్ల ఘనపు మీటర్లు తీసుకుపోవాలని అనుకున్నారు. తజికిస్తాన్‌లో 2014లో పని మొదలైంది, సొరంగాలు తవ్వారు, ఆ తరువాత ఏళ్ల తరబడి నత్తనడకే. 2023లో షియాన్‌లో షీ స్వయంగా పని వేగం పెంచాలన్నారు. పూర్తయిన వార్త మాత్రం ఇప్పటికీ రాలేదు.

బిష్కెక్_మెడికో
ఇక్కడివాళ్లకు గొట్టం కన్నా రైలు మీద ఆసక్తి ఎక్కువ. చైనా, కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్ రైలు మార్గానికి 2024 డిసెంబర్‌లో జలాల్ అబాద్‌లో పని ప్రారంభించారు. గొట్టం వస్తే దారి సుంకం ఖజానాకు పోతుంది, రైలు వస్తే తమ ఊరికి ఏదో ఒక పని వస్తుందని మా తరగతిలోని కిర్గిజ్ మిత్రులు అంటారు.

కంప్రెసర్_కుర్రాడు
డి లైను వస్తే అమ్మకం పెరుగుతుంది, బేరం బలం తగ్గుతుంది. ఒకే కొనుగోలుదారు చేతిలో మరింత సరుకు పెట్టినట్టే.

పాత_విలేకరి
నేను ఒప్పుకోను. డి లైనుకు చైనా పెట్టుబడి మునిగితే, దాన్ని ఖాళీగా ఉంచడం చైనాకే నష్టం. ఇద్దరూ ఒకరికొకరు తాకట్టు పడతారు.

కంప్రెసర్_కుర్రాడు
రష్యాతో పవర్ ఆఫ్ సైబీరియా–2 కుదిరితే మీ వాదన నిలవదు. ఏడాదికి 5,000 కోట్ల ఘనపు మీటర్ల ఆ గొట్టంపై 2025 సెప్టెంబర్‌లో ఒప్పంద పత్రం మీద సంతకాలయ్యాయని గాజ్‌ప్రోమ్ చెప్పింది, ధర మాత్రం తేలలేదు. మంగోలియా మీదుగా అంత గ్యాస్ వచ్చాక పామీర్ కొండలు తొలిచి మరో 3,000 కోట్లు తెచ్చుకోవాల్సిన అవసరం చైనాకు ఏముంటుంది?

గోదారి_రిగ్గు
అందుకే చైనా ఆ రెండు గొట్టాల్లో దేనికీ పూర్తిగా అవునని చెప్పదు, కాదని కూడా చెప్పదు. రష్యా ధర తగ్గించే దాకా తుర్క్‌మెనిస్తాన్ పేరు ఎత్తుతుంది, తుర్క్‌మెనిస్తాన్ మొండికేస్తే రష్యా పేరు ఎత్తుతుంది. సీతయ్య గారూ, మీరు డి లైను శంకుస్థాపన వార్తలు చూడటం మానేసి, చైనా కస్టమ్స్ శాఖ వెలువరించే దిగుమతి విలువలు చూడండి.

సందేహాల_సీతయ్య
చూస్తాను. పవర్ ఆఫ్ సైబీరియా–2 ధర గురించి ఎవరికైనా గట్టి సమాచారం దొరికితే ఇక్కడే రాయండి, కొత్త చర్చ తెరవవద్దు.